ఒక్క రేణువు, ఎనిమిదేళ్ల జైలు
తుపాకీ మసిని ఎక్స్-కిరణాలు పట్టిస్తాయి. కానీ అది ఎలా వచ్చిందో చెప్పలేవు

దాని పరిమాణం మిల్లీమీటరులో సుమారు వందో వంతు. మామూలు కంటికి ఆనదు. కానీ 2001 జులైలో లండన్ కోర్టు బ్యారీ జార్జ్‌కు యావజ్జీవ శిక్ష విధించడానికి దారితీసిన కీలక సాక్ష్యాల్లో ఆ రేణువు ఒకటి.

బీబీసీ వ్యాఖ్యాత జిల్ డాండో 1999 ఏప్రిల్ 26న ఫుల్‌హామ్‌లోని తన ఇంటి గుమ్మంలోనే తూటాకు బలయ్యారు. దాదాపు ఏడాది తర్వాత అదే ప్రాంతవాసి జార్జ్ ఇంట్లో పోలీసులు ఓ కోటు స్వాధీనం చేసుకున్నారు. దాని లోపలి జేబులో తుపాకీ మసి రేణువు ఒకే ఒక్కటి దొరికింది.

ట్రిగ్గర్ నొక్కగానే తూటా అడుగునున్న ప్రైమర్ పేలుతుంది. సాధారణంగా అందులో ఉండే సీసం, బేరియం, యాంటిమొనీ ఆవిరై, మరుక్షణమే చల్లబడి సూక్ష్మమైన గుండ్రటి రేణువులుగా చేతులు, దుస్తులపై వాలతాయి. వాటిని జిగురు బిళ్లతో సేకరించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడతారు. ఎలక్ట్రాన్లు తాకితే ప్రతి మూలకమూ తనదైన శక్తి ఉన్న ఎక్స్-కిరణాలను వెదజల్లుతుంది. ఈ మూడూ ఒకే రేణువులో కనిపిస్తే అది తుపాకీ మసేననడానికి బలమైన ఆధారం.

యంత్రం పని అక్కడితో సరి. కాల్చినవారి చేతుల నుంచి ఈ మసి కొన్ని గంటల్లోనే చాలావరకు రాలిపోతుంది. మరోవైపు, తుపాకులు వాడే పోలీసులు, వారి వాహనాల నుంచి అమాయకులకూ అంటుకోవచ్చు. జార్జ్ హంతకుడైనా కాకపోయినా, ఏడాది తర్వాత ఆ ఒక్క రేణువు దొరికే అవకాశం సమానమేనని నిపుణులు తర్వాత తేల్చారు. అంటే ఆ సాక్ష్యం ఎటూ మొగ్గదు. 2007 నవంబర్‌లో అప్పీలు కోర్టు శిక్షను కొట్టేసింది. పునర్విచారణలో రేణువు ప్రస్తావనకే అనుమతి దొరకలేదు. 2008 ఆగస్టు 1న జార్జ్ నిర్దోషిగా బయటపడ్డారు.

ఈ పాఠం భారత్‌కూ అవసరమే. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లడం తప్పనిసరి. దీన్ని అమల్లోకి తెచ్చేందుకు రాష్ట్రాలకు ఐదేళ్ల గడువుంది. ల్యాబ్ నివేదికలు పెరిగేకొద్దీ కోర్టులు అడగాల్సిన ప్రశ్నలూ పెరుగుతాయి. మసి దొరికిందా అన్నదొక్కటే చాలదు. ఎన్ని రేణువులు, ఎన్ని గంటల తర్వాత, ఎవరి చేతుల మీదుగా ల్యాబ్‌కు చేరాయన్నదీ తేలాలి.

డాండో హంతకుడెవరో మాత్రం ఇప్పటికీ తేలలేదు.