కొంగ ఎగిరిపోలేదు... కాగితంలోనే ఉంది!

నీటిరంగుల బొమ్మలో తెలుపు ఒకసారి పోతే ఇక రాదంటారు. అది సగమే నిజం. మిగతా సగం తెలిస్తే, చించి పారేయబోయిన బొమ్మ కూడా గోడకెక్కుతుంది.

కామారెడ్డి జిల్లా బాన్సువాడ. నాట్ల కాలంలో ఊరు దాటి పొలాల వైపు నడిస్తే చాలు, బొమ్మలు వేసేవాళ్లకు పండగే. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ నుంచి కాల్వల్లో వచ్చే మంజీర నీళ్లు మడుల నిండా నిలిచి అద్దాల్లా మెరుస్తుంటాయి. దున్నిన బురదలో పురుగుల కోసం తెల్లకొంగలు వాలతాయి. అట్టకు షీటు బిగించుకుని గట్టు మీద కూర్చున్నవాళ్ల కంటికి ముందుగా ఆనేది ఆ తెలుపే. బొమ్మలో ముందుగా పోయేదీ అదే!

ఆకుపచ్చ కలిపి బ్రష్ నిండా ముంచి నారుమడి వేస్తాం. తడి కాగితం మీద రంగు చెప్పినచోట ఆగదు కదా... కొంగ కోసం వదిలిన జాగాలోకి జారిపోతుంది. నీళ్ల మీది మెరుపును నీలం మింగేస్తుంది. రెండు నిమిషాల్లో బొమ్మంతా ఒకటే మసక. చాలామంది పిల్లలు కాగితాన్ని ఉండచుట్టేది ఇక్కడే. ‘వాటర్ కలర్స్ మనకు రావులే’ అని రంగులపెట్టెను అటక మీదికి చేర్చేదీ ఇక్కడే. తప్పంతా చేతిది అనుకుంటారు కానీ, నిజానికి వాళ్లకు తెలియనిది ఒక్కటే... ఆ తెలుపు ఎక్కడికీ పోలేదని.

తెల్లరంగు అంటే కాగితమే!

నూనెరంగుల్లో చిక్కులేదు. ముదురు రంగు ఆరాక దాని మీద తెల్లరంగు చుక్క పెడితే మెరుపు వచ్చేస్తుంది. నీటిరంగు అలా కాదు. అది పలుచని గాజుపొరలాంటిది. వెలుతురు ఆ పొరలోంచి వెళ్లి, కింద ఉన్న కాగితాన్ని తాకి, తిరిగి మన కంటికి చేరుతుంది. అంటే బొమ్మలో దీపం రంగు కాదు, కాగితం. పోయిన వెలుగును తెచ్చుకోవడమంటే కొత్తగా ఏదో పూయడం కాదన్నమాట. కప్పేసిన రంగును తీసి, అడుగునున్న కాగితాన్ని మళ్లీ బయటపెట్టడం.

బాన్సువాడ పక్కనుంచి పారే మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి ఒడ్డునే, రాజమహేంద్రవరంలో, 27 ఏళ్లకే కన్నుమూసిన దామెర్ల రామారావు (1897-1925) పేరిట చిత్రశాల ఉంది. నూనెరంగుల్లోనూ నీటిరంగుల్లోనూ బొమ్మలు వేసిన చిత్రకారుడాయన. అలాంటి చోటికి పిల్లల్ని తీసుకెళ్తే ఓ చిన్న పని చెప్పండి. నీటిరంగుల బొమ్మ ముందు నిలబడి ‘ఎక్కడెక్కడ రంగు వేశారు’ అని కాదు, ‘ఎక్కడ వేయకుండా వదిలారు’ అని వెతకమనండి. సగం పాఠం అక్కడే అయిపోతుంది.

తడి ఆరకముందే...

రంగు జారిన వెంటనే గమనిస్తే పని తేలిక. టిష్యూ పేపర్ మడతనో, ఉతికిన నూలుగుడ్డనో ఆ చోట మెల్లగా అద్దితే చాలు, రంగు పీల్చేస్తుంది. రుద్దకూడదు. కొంగ మెడలాంటి సన్నటి చోటైతే బ్రష్‌ను కడిగి, నీళ్లు పిండేసి, ఆ చెమ్మ కుంచెను రంగు మీద ఆనించాలి. ఎండిన నేల వానను తాగినట్టు తాగేస్తుంది. ప్రతిసారీ కుంచెను కడిగి పిండటం మరవకూడదు.

కంగారులో నీళ్లు పోయడమే అసలు ప్రమాదం. సగం ఆరిన రంగు మీద నీటిచుక్క పడితే అది చుట్టూ ఉన్న రంగును తోసుకుంటూ వెళ్లి, అంచున గోబీపువ్వులాంటి మరక కడుతుంది. ఆ దశలో చేతులు కట్టుకుని కూర్చోవడమే మేలు. పూర్తిగా ఆరనివ్వాలి.

ఆరిపోయిందా? ఫర్వాలేదు

కాస్త గట్టి వెంట్రుకలున్న బ్రష్‌ను శుభ్రమైన నీళ్లలో ముంచి, పోయిన మెరుపు మేరకే తడపాలి. కొన్ని క్షణాలు ఆగాలి. రంగు నానుతుంది. అప్పుడు టిష్యూతో అద్ది తీయాలి. ఒక్కసారికే తెల్లబడదు. ఆరాక మళ్లీ తడిపి, మళ్లీ అద్దాలి. అంచు సూటిగా రావాలంటే పలుచని ప్లాస్టిక్ షీటులో కొంగ ఆకారాన్ని కత్తిరించి, దాన్ని బొమ్మ మీద పెట్టి, ఆ ఖాళీలోంచి మెత్తటి స్పాంజితో అద్దితే సరి.

అయితే అన్ని రంగులూ ఒకేలా వదలవు. అల్ట్రామెరైన్, కోబాల్ట్ నీలాలు, బర్ంట్ సియెన్నా, ఎల్లో ఓకర్ చాలావరకు కాగితం పైపైనే కూర్చుంటాయి, అడిగితే లేస్తాయి. థాలో నీలం, థాలో ఆకుపచ్చ, ప్రష్యన్ బ్లూ, అలిజరిన్ క్రిమ్సన్ మాత్రం తెల్లచొక్కా మీద పసుపు మరకలాంటివి. ఎంత అద్దినా ఛాయ మిగులుతుంది. అందుకే మీ పెట్టెలోని రంగులన్నింటినీ ఓ కాగితం ముక్క మీద పట్టీలుగా పూసి, ఆరాక తలా కాస్త తుడిచి చూడండి. ఏది వదులుతుందో, ఏది మొండికేస్తుందో తెలిసిపోతుంది.

కాగితమూ అంతే. 300 జీఎస్ఎం కాటన్ కాగితం నాలుగైదుసార్లు తడిపినా తట్టుకుంటుంది. పలుచని డ్రాయింగ్ షీటు రెండోసారికే నూగులేస్తుంది. నూగు కనిపిస్తే అక్కడితో ఆపేయాలి.

గోరుతో గీసిన సముద్రం

ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ 1818లో ఫార్న్‌లీ హాల్ అనే భవంతిలో అతిథిగా ఉన్నప్పుడు, యుద్ధనౌక ఎంత పెద్దగా ఉంటుందో తెలిసేలా బొమ్మ వేయమని ఇంటాయన అడిగాడట. టర్నర్ కాగితాన్ని రంగునీళ్లతో నానబెట్టి, చింపినంత పనిచేసి, గోరుతో బరబరా గీకాడని చూసినవాళ్లు చెప్పారు. చూస్తుంటే అంతా గందరగోళం. మధ్యాహ్న భోజనం వేళకు నౌక సిద్ధం! నురగల తెలుపు కోసం రంగును గీకి తీయడం ఆయనకు అలవాటు.

మనకు గోరు బదులు బ్లేడు మూల చాలు. పిల్లలైతే పెద్దవాళ్లే ఈ పని చేసిపెట్టాలి. కాగితం పూర్తిగా ఆరాక, మందమైన షీటు మీదే, నీటి తళుకుల్లాంటి చిన్న చిన్న గీతలకే వాడాలి. బొమ్మకు ఇదే ఆఖరి పని కావాలి. గీకిన చోట మళ్లీ రంగు పడితే కాగితం దాన్ని పీల్చుకుని మరింత నల్లబడుతుంది.

తెల్లరంగు ట్యూబు వాడకూడదా అంటే, వాడొచ్చు. విన్సర్ అండ్ న్యూటన్ సంస్థ 1834లోనే ‘చైనీస్ వైట్’ పేరుతో జింక్ తెలుపును తెచ్చింది. కాకపోతే అది వెలుతురును లోపలికి పోనివ్వదు. పెద్ద జాగాలో పూస్తే సున్నం కొట్టినట్టుంటుంది. దూరాన ఎగిరే కొంగకో, కరెంటు తీగ మీది మెరుపుకో చిటికెడు చాలు.

ఇంకో ఉపాయానికి ఖర్చే లేదు. తెలుపును పెంచలేకపోతే పక్కనున్న నీడను పెంచడం! కొంగ వెనకున్న నారును కాస్త ముదురు చేస్తే, మసకబారిన కొంగే తెల్లగా కనిపిస్తుంది.

ముందే దాచుకుంటే...

తర్వాతి బొమ్మకైనా జాగ్రత్తపడొచ్చు. రంగు ముట్టకముందే తెలుపు ఉండాల్సిన చోట్లను పెన్సిల్‌తో లేతగా గుర్తుపెట్టుకోవాలి. దుకాణాల్లో దొరికే మాస్కింగ్ ఫ్లూయిడ్ రాస్తే ఆ చోట రబ్బరు పొర కడుతుంది, రంగు ఆరాక తీసేయొచ్చు. అది లేకపోతే ఇంట్లో తెల్ల కొవ్వొత్తి ఉండనే ఉంటుంది. దాంతో గీసిన గీతకు రంగు అంటదు. కాకపోతే ఆ మైనం మళ్లీ రాదు.

తీసి తెచ్చిన తెలుపు మొదటి తెలుపంత స్వచ్ఛంగా ఉండదన్నది నిజమే. కాస్త ఆకుపచ్చ ఛాయ మిగులుతుంది. కానీ పచ్చని మడిలో నిలబడ్డ కొంగను దగ్గర్నుంచి చూడండి. దాని పొట్ట కింద రెక్కల మీద కూడా నారు పచ్చదనం పడి ఉంటుంది! అచ్చమైన తెలుపు పొలంలోనూ తక్కువే. కాబట్టి ఈసారి మీ ఇంట్లో చిన్నారి కాగితాన్ని ఉండచుట్టబోతే ఆ చెయ్యి పట్టుకుని ఆపండి. ఓ గిన్నెలో మంచినీళ్లు, పక్కన టిష్యూ పెట్టండి. కొంగ అందులోనే ఉంది.