వేగమునకు వెల : ఒక ఊహా క్రూజరు రూపకల్పన

రెండు ప్రపంచ సంగ్రామముల నడిమి కాలమున నౌకాబలము గల దేశములన్నిటిని ఒక ప్రశ్న వేధించెను. తక్కువ బరువుతో, తక్కువ వ్యయముతో, శత్రువును తరుమగల వేగము గల క్రూజరును కట్టుట యెట్లు? ఆ ప్రశ్నను మనమే చేపట్టి, కాగితముపై ఒక నౌకను నిర్మించి చూతము. అందువలన ఆనాటి శిల్పులు పడిన చిక్కు మనకు తేటపడును.

క్రూజరు అనగా బాటిల్‌షిప్ కంటె చిన్నది, డిస్ట్రాయరు కంటె పెద్దది. వర్తక నౌకలను కాచుట, శత్రువు జాడ తీయుట, డిస్ట్రాయర్లకు అండగా నిలుచుట దాని పనులు. 1922 నాటి వాషింగ్టను ఒప్పందము క్రూజరు బరువునకు 10,000 టన్నులు, ఫిరంగి వ్యాసమునకు 8 అంగుళములు హద్దుగా విధించెను. 1930లో లండను ఒప్పందము మరియొక మెట్టు ముందుకు పోయి, 6.1 అంగుళములకు మించని ఫిరంగులు గలవానిని వేరు తరగతిగా విడదీసెను. ఇవియే తేలిక క్రూజర్లు. బ్రిటను, అమెరికా, జపానులకు ఈ తరగతిలో మొత్తము టన్నుల లెక్క కూడ నిర్ణయమయ్యెను. కనుక ఒక నౌక బరువు పెరిగినకొలది నౌకల సంఖ్య తగ్గవలసినదే. ఈ లెక్కలో సిబ్బంది, గుండ్లు, సరకులు చేరును గాని, ఇంధనము చేరదు.

మన లెక్కకు మాదిరిగా బ్రిటిషువారి లియాండర్ తరగతిని తీసికొందము. ఇది మనకు పరాయిది కాదు. ఆ తరగతిలోని 'అకిలీజ్' 1939 డిసెంబరు 13న ప్లేట్ నదీముఖమున జర్మనుల 'గ్రాఫ్ స్పీ'తో పోరాడినది. అదియే 1948లో 'ఢిల్లీ' అను పేర భారత నౌకాదళమున చేరి, 1978 వరకు సేవ చేసినది. దాని బరువు సుమారు 7,000 టన్నులు. పొడవు సుమారు 555 అడుగులు. ఆరంగుళముల ఫిరంగులు ఎనిమిది. యంత్రబలము 72,000 అశ్వశక్తి. వేగము గంటకు 32.5 నాట్లు, అనగా సుమారు 60 కిలోమీటర్లు.

ఇప్పుడు మనకు 38 నాట్లు కావలెననుకొందము. పెరిగినది అయిదున్నర నాట్లే గదా యని తోచును. కాని నీటిలో వేగము చవుకగా దొరకదు. స్థూలముగా చెప్పిన, వేగము రెట్టింపు కావలెనన్న బలము ఎనిమిది రెట్లు కావలెను. ఈ సూత్రము చొప్పున 38 నాట్లకు కనీసము 1,15,000 అశ్వశక్తి అవసరము. నిజమునకు ఇంకను ఎక్కువయే పట్టును. ఏలయన, నౌక నీటిని చీల్చునపుడు అలలు లేచును. వేగము హెచ్చినకొలది ఆ అలల పొడవు నౌక పొడవునే మించిపోవును. అప్పుడు నౌక తాను లేపిన అలను తానే ఎక్కుచున్నట్లగును. విలియం ఫ్రూడ్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1870 దశకమున చిన్న నమూనాలను నీటి తొట్టిలో లాగించి ఈ సంగతిని శాస్త్రీయముగా పరిశీలించెను.

దీనికొక ముతక లెక్క గలదు. నౌక నీటిరేఖ పొడవును అడుగులలో తీసికొని, దాని వర్గమూలమును 1.34తో గుణించిన, అలల నిరోధము తీవ్రమగు వేగము నాట్లలో వచ్చును. 555 అడుగులకు ఇది దాదాపు 31.6 నాట్లు. 38 నాట్లను ఆ హద్దులో ఉంచవలెనన్న పొడవు 800 అడుగులు దాటవలెను. అంత పొడవైన సన్నని నౌక అలలపై వంగి విరుగకుండ ఉండుటకు మరింత ఉక్కు కావలెను. ఆ ఉక్కునకు మరల బరువు. కనుక పొడవు కొంత పెంచి, తక్కినది యంత్రబలముతో సాధించుట తప్ప మార్గము లేదు.

టన్ను యంత్రసామగ్రికి 50 అశ్వశక్తి వచ్చుననుకొందము. 72,000 అశ్వశక్తికి 1,440 టన్నులు. 1,15,000కు 2,300 టన్నులు. తేడా 860 టన్నులు. మొత్తము బరువు పెంచరాదు గనుక ఈ 860 టన్నులను నౌకలోనే ఎక్కడనో కోయవలెను. ఫిరంగులు తగ్గించిన పోరాడలేదు. చట్రపు ఉక్కును పలుచన చేసిన తుఫానుకు తాళలేదు. మిగిలినది కవచము. కాగితముపై కవచమును చెరపివేయుట మిక్కిలి సులభము. దాని లోటు గుండు తగులువరకు తెలియదు.

ఇటలీవారు సరిగా ఈ దారినే పట్టిరి. ఫ్రెంచివారి పెద్ద డిస్ట్రాయర్లను వేటాడుటకై సుమారు 5,000 టన్నుల క్రూజర్లు నాలుగింటిని కట్టి, ఒక్కొక్కదానిపై ఎనిమిది ఫిరంగులు నిలిపిరి. వానికి నిర్ణయించిన యంత్రబలము 95,000 అశ్వశక్తి. వేగము 37 నాట్లు. ప్రక్కల కవచము మాత్రము 24 మిల్లీమీటర్లు, అంగుళము కంటె తక్కువ. వానిలో 'అల్బెరికో ద బార్బియానో' 1930లో పరీక్షాయానమున 42 నాట్లు దాటి ప్రపంచమును అబ్బురపరచెను. కాని అది తేలికగా నున్న నౌకను, యంత్రములను శక్తికి మించి తోలి సాధించిన వేగము.

యుద్ధమున ఏమయ్యెను? 1940 జులై 19న క్రీటు దీవి చెంత, స్పాడా అగ్రమువద్ద, వీనిలో రెండు నౌకలు ఆస్ట్రేలియా క్రూజరు 'సిడ్నీ'ని, అయిదు బ్రిటిష్ డిస్ట్రాయర్లను ఎదుర్కొనెను. 'సిడ్నీ' మన 'ఢిల్లీ'కి దగ్గరి చుట్టము; సవరించిన లియాండర్ రకము. కాగితముపై దాని వేగము ఇటలీ నౌకలకంటె నాలుగు నాట్లకు పైగా తక్కువ. కాని పరీక్షనాటి వేగము ఆనాడు ఇటలీవారికి దక్కలేదు. 'బార్తలోమియో కొల్లియోని' గుండ్ల దెబ్బకు యంత్రములు చెడి కదలక నిలిచిపోయెను. పిదప డిస్ట్రాయర్ల టార్పెడోలు దానిని ముంచెను. 'సిడ్నీ'కి పొగగొట్టమున ఒక్క గుండు మాత్రమే తగిలెను. అయిదు వందలకు పైగా ఇటలీ నావికులను బ్రిటిష్ నౌకలు నీటినుండి తీసి రక్షించినవి. వారి కెప్టెను ఉంబెర్తో నొవారో గాయములతో అలెగ్జాండ్రియాలో మరణింపగా, శత్రువులే సైనిక మర్యాదలతో ఖననము చేసిరి. తక్కిన మూడు నౌకలును 1942 ఏప్రిలు 1వ తేదీ లోపల టార్పెడోలకు బలియయ్యెను.

అట్లని కవచము అమరత్వము నీయదు. 'సిడ్నీ' సయితము 1941 నవంబరు 19న వర్తక నౌక వేషము వేసిన జర్మను నౌకకు మిక్కిలి చేరువగా పోయి, 645 మంది సిబ్బందితో మునిగిపోయెను.

ఇక మన కాగితపు నౌకను ముగింతము. 38 నాట్ల ఆశ వదలి 34తో తృప్తిపడుదము. ఘనసూత్రము చొప్పున 82,000 అశ్వశక్తికి పైన, సుమారు 1,650 టన్నుల యంత్రములు చాలును. పెరిగినది 210 టన్నులే. దానికై జంట ఫిరంగుల టరెట్టు ఒకటి, దాని గుండ్లు, దాని అడుగు కవచము వదలుకొందము. ఒక్కొక్క గుండు 112 పౌనులు గనుక, ఒక విడతకు 896 పౌనులకు బదులు 672 పౌనులు మాత్రమే పేల్చగలము. బాయిలర్లను, టర్బైనులను 'సిడ్నీ'లో వలె రెండు జట్లుగా విడదీసి, ఒక దెబ్బకు రెండును ఆగకుండ అమర్చుదము. యంత్రశాలల కవచమును మాత్రము ముట్టము.

ఈ నౌక పరీక్షాయానమున ఎవరిని అబ్బురపరచదు. అయినను బాయిలరు ముందు నిలిచి పనిచేయు మనిషికిని సముద్రమునకును నడుమ, అంగుళము కంటె మందమైన ఉక్కు ఉండును.