బహిష్కరణకు అందని రుసుము

1905 మే నెలలో షాంఘై వర్తకులు అమెరికా సరుకులను బహిష్కరించాలని పిలుపునిచ్చారు. చైనా కూలీల ప్రవేశాన్ని నిషేధించిన 1882 నాటి అమెరికా చట్టమే అందుకు కారణం. సింగపూర్ చైనీయులు కూడా ఆ ఉద్యమంలో చేరారు. కిరోసిన్, గోధుమపిండి, సిగరెట్లు ఏ దేశానివో కొనేవారికి తెలుసు కనుక మానుకోవడం సాధ్యమైంది. పిలుపు వెలువడిన కొద్ది వారాలకే, చైనా వర్తకులనూ విద్యార్థులనూ మర్యాదగా చూడాలని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆదేశించాడు. కూలీలపై నిషేధం మాత్రం 1943 దాకా కొనసాగింది.

నేటి సింగపూర్‌లో పరిస్థితి మరింత జటిలమైనది. యూ టీ వంటి పేటల్లో ప్రభుత్వ గృహసముదాయాలు వలస కార్మికుల శ్రమతోనే లేస్తాయి. వర్క్ పర్మిట్‌పై వచ్చే కార్మికులలో అనేకులు స్వదేశంలోని దళారులకు పెద్ద మొత్తాలు చెల్లించి, అప్పుతోనే పనిలో చేరతారు. కార్మికుని నుండి రెండు నెలల జీతానికి మించి వసూలు చేయరాదన్న నియమం సింగపూర్ ఏజెన్సీలకే వర్తిస్తుంది. దళారి రుసుము ఏ గోడమీదా కనబడదు; ఇంటిని బహిష్కరించడం ఎవరికీ సాధ్యం కాదు.

కనుక ఇక్కడ వినియోగదారుని నిరసన కొనడం మానడంతో కాక, ఆ రుసుము ఎవరు భరించారని గుత్తేదారును అడగడంతో మొదలుకావాలి. ఎంప్లాయ్‌మెంట్ పాస్ గల వృత్తినిపుణులు తమకు దక్కిన మర్యాదతో తృప్తిపడితే, 1905 నాటి అసంపూర్ణ ఫలితమే మిగులుతుంది.