టమాట కాయ చెట్టు మీదనే ఎందుకు పగులుతది? మిద్దె తోటలో నీళ్ల లెక్క

ఆర్మూర్‌లో మా ఇంటి మిద్దె మీద నుంచి మాట్లాడుతున్న. వెనకాల నల్లగా కనబడుతున్నది సిద్ధులగుట్ట, మన దిక్కోళ్లకు చెప్పక్కర్లేదు. ఆర్మూర్ అనంగనే అందరూ పసుపు గురించే అడుగుతరు గానీ ఈ రోజు ముచ్చట టమాటది.

ఇగో, ఈ కాయ చూడండి. కెమెరా దగ్గరికి తెస్తున్న. తొడిమ దగ్గర మొదలైన గీత కిందికి దిగింది, నిన్న సాయంత్రం లేదు ఇది. పక్కన ఈ రెండో కాయ చూడండి. దీనికి తొడిమ చుట్టూ గాజులు వేసినట్టు గుండ్రంగా గీతలున్నాయి. పగుళ్లు ఈ రెండు రకాలే. నిలువు పగులు ఎక్కువ నష్టం చేస్తది, లోపలి గుజ్జు దాకా పోతది కాబట్టి. గుండ్రటి గీతలు చాలాసార్లు పైపైనే ఉండి, ఎండి, గోధుమరంగు పొరలా మానిపోతాయి.

చాలామంది ఇది తెగులు అనుకుంటరు. నేను కూడా అట్లనే అనుకున్న. పోయిన జూన్‌లో మా అమ్మ ఆరు గ్రో బ్యాగుల్లో నారు పెట్టి పెంచిన చెట్లు కాయ మీదున్నాయి. మా అక్కకు అప్పుడు ఏడో నెల, టమాట పప్పు తప్ప ఏదీ నోటికి పోతలేదు. అమ్మ రోజూ పొద్దున మిద్దెక్కి కాయలు లెక్కబెట్టేది, ఎర్రబడంగనే అక్కకు పంపాలని. నీళ్లు పోసే పని నాది. దోస్తు పెళ్లికి పోయి రెండు రోజులు పోయలేదు. వచ్చి చూస్తే ఆకులు వేలాడుతున్నాయి. భయమేసి ఒక్కో బ్యాగుకు బకెట్ నిండా గుమ్మరించిన. ఆ రాత్రే వాన కూడా పడ్డది. తెల్లారి లేచి చూస్తే పదకొండు కాయలు పగిలినయ్. అమ్మ ఒక్క మాట అనలేదు. పగిలినవన్నీ తెంపి పచ్చడి చేసింది. తిడితేనే బాగుండు అనిపించింది.

ఆ పదకొండు కాయలకు ఏమైందో చెప్తా. చపాతీ పిండి తీసుకోండి. అప్పుడే కలిపిన ముద్దను లాగితే సాగుతది. అదే ముద్దను మూత పెట్టకుండా గంటసేపు వదిలేస్తే పైన పొర కడతది. ఇప్పుడు లాగితే లోపలి పిండి సాగుతది గానీ పైపొర చిరుగుతది. టమాట తోలు కూడా అంతే. పచ్చి కాయ తోలు సాగుతది. చెట్టుకు నీళ్లు లేని రోజుల్లో ఆ తోలు గట్టిపడతది, రంగు తిరిగే టైమ్‌కు ఇంకా బిగుస్తది. అప్పుడు ఒక్కసారిగా నీళ్లు వస్తే లోపలి గుజ్జు ఉబ్బుతది, తోలు దాంతో పాటు పెరగలేక చీలిపోతది. కరువు తర్వాత వరద, అదే అసలు కారణం.

మరి రాత్రికి రాత్రే ఎందుకు పగులుతది? పగటిపూట ఆకులు నీళ్లను ఆవిరి చేసి గాలిలోకి వదులుతుంటాయి, కాబట్టి వేర్లు పీల్చిన నీళ్లల్లో ఎక్కువ భాగం ఆకులకే పోతది. రాత్రి ఆకుల మీది సన్న రంధ్రాలు మూసుకుంటాయి. వేర్లు మాత్రం పని ఆపవు, తడి దొరికితే కిందనుంచి నెడుతూనే ఉంటాయి. ఆ ఒత్తిడి కాయల మీద పడతది. అందుకే సాయంత్రం బాగున్న కాయ పొద్దునకు నోరు తెరిచి కనబడతది. పైగా తొడిమ దగ్గర వాన నీళ్లు నిలిస్తే అక్కడి నుంచి కూడా కొంత తడి లోపలికి దిగుతది.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఎండాకాలంలో కాయ మీదున్న పెద్ద చెట్టు రోజుకు రెండు మూడు లీటర్లు తాగుతది. మిద్దె మీద స్లాబ్ వేడికి కుండీలో మట్టి ఇంకా జల్దీ ఎండుతది. వారానికి రెండుసార్లు బకెట్లు పోసుడు కన్నా, రోజూ పొద్దున ఒకే టైమ్‌కు ఒకే కొలత పోసుడు మంచిది. నేను ఒక మగ్గు పెట్టుకున్న, అదే మగ్గు, అదే లెక్క. మే నెలలో సాయంత్రం ఇంకో మగ్గు. అనుమానం ఉంటే వేలు రెండు కణుపుల దాకా మట్టిలో పెట్టి చూడండి. తడి తగిలితే ఆ పూట ఆగొచ్చు. నల్లా రోజూ రాని ఇంట్లో ఉంటే మొక్కల కోసం ఒక డ్రమ్ము వేరే నింపి పెట్టుకోండి.

నాలాగ మరిచిపోయి చెట్టు వాడిపోతే? ఒకేసారి గుమ్మరించొద్దు. ఒక మగ్గు పోసి, గంట ఆగి ఇంకో మగ్గు, సాయంత్రం ఇంకొకటి. ఎండిన మట్టి మొదట నీళ్లు పట్టుకోదు కూడా, పోసింది పోసినట్టు కింది రంధ్రం నుంచి పోతది. ఊరికి పోయేటప్పుడు మగ్గు పక్కింటోళ్ల చేతికిచ్చి లెక్క చెప్పి పోండి. సీసాకు బెజ్జం పెట్టి బోర్లించే చిట్కా నేను చేసి చూసిన, పూట గడవకముందే ఖాళీ అయింది.

రెండోది మల్చింగ్, అంటే మట్టి మీద కప్పు. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. జనవరి నుంచి మార్చి దాకా మన చుట్టూ పసుపు తవ్వుతరు. తవ్వే ముందు ఆకు కోస్తరు. ఆ ఎండిన ఆకు చేన్ల గట్ల మీద కుప్పలుగా ఉంటది, అడిగితే ఊరికే ఇస్తరు. మా పెద్దనాయన చేను నుంచి రెండు సంచులు తెచ్చుకున్న. కుండీలో రెండు మూడు అంగుళాల మందం పరిచి, కాండం చుట్టూ మాత్రం వేలెడు జాగా వదిలిన. మధ్యాహ్నం ఎండలో కూడా కింద మట్టి చల్లగా ఉంటది, తడి ఒక్కసారిగా దిగిపోదు.

ఒక జాగ్రత్త. పసుపుకు వచ్చే ఆకుమచ్చ తెగులు చేసే బూజు మిరపలో కాయకుళ్లు కూడా తెస్తది. కాబట్టి గోధుమరంగు మచ్చలున్న ఆకు మిరప, టమాట దగ్గరికి తేవొద్దు. శుభ్రమైన ఆకు దొరకకపోతే వరిగడ్డి వేయండి, అది కూడా మన దగ్గర కొదువ లేదు.

మందుల సంగతి కూడా అడుగుతరు. కోడిగుడ్డు పెంకులు, అరటి తొక్కల నీళ్లు అని ఫోన్ నిండా వీడియోలే. పెంకుల్లో కాల్షియం ఉన్న మాట నిజమే గానీ అది మట్టిలో కరగడానికి నెలలు పడతది, ఈ కాపుకు అందదు. బోరాన్ తక్కువైతే కాయలు పగులుతాయన్నది మాత్రం నిజం. పొలాల్లో దానికి లీటరు నీళ్లకు 3 గ్రాముల బోరాక్స్ కలిపి కొట్టమంటరు. ఎక్కువైతే ఆకుల అంచులు మాడుతాయి. నా లెక్కల ముందు నెలరోజులు నీళ్లు సరిగ్గా పోసి చూడండి. అయినా పగిలితే అప్పుడు బోరాక్స్ కొనండి. యూరియా, పచ్చి పేడ మాత్రం కాయ మీదున్నప్పుడు వేయకండి. నత్రజని ఎక్కువై చెట్టు ఒక్కసారిగా పొంగుతది, కాయ కూడా అంతే. మా పెద్దనాయనను అడిగితే పగిలిన దగ్గర పసుపు అద్దమన్నడు. పసుపు ఊరోళ్లకు అన్నింటికీ అదే మందు. మనిషి గాయానికి సరే, కాయకు పని చేయదు.

ఇంకో తప్పు ఉంది. కాయలు కనబడాలని పైన ఆకులు తెంపుతరు. ఫొటోకు బాగుంటది గానీ ఎండ నేరుగా పడి తోలు ముదురుతది. కాయ మీద ఆకు నీడ ఉండనీయండి. ఏప్రిల్, మేలో సగం ఎండ ఆపే గ్రీన్ నెట్ కట్టినా మంచిదే.

వాన మన చేతిలో లేదు గదా, అప్పుడేం చేయాలి? గుట్ట మీద మబ్బు పట్టిందంటే మట్టి ఎండిపోయి ఉండకుండా చూడండి. వాన వస్తుంటే నీళ్లెందుకు అంటరు. మట్టిలో ముందే కొంచెం తడి ఉంటే వాన పడ్డప్పుడు తేడా తక్కువుంటది, కాయకు దెబ్బ తక్కువ. కుండీలు జరపగలిగితే సజ్జ కిందికి జరపండి. నేలలో పెట్టినోళ్లు బోదె ఎత్తుగా చేసి నీళ్లు పోవడానికి దారి తీయండి.

అన్నింటికన్నా పక్కా మార్గం తెంపడం. కాయ అడుగున లేత గులాబీ రంగు తిరిగిందంటే, అంటే దోరగా అయిందంటే తెంపేయొచ్చు. అప్పటికే కాయ లోపల మాగే పని మొదలైపోయింది. చెట్టు మీద లేకున్నా ఇంట్లో మూడు నాలుగు రోజుల్లో ఎర్రబడతది. ఎండలో పెట్టొద్దు. 30 డిగ్రీలు దాటితే ఎరుపు సరిగ్గా రాదు, పసుపు పచ్చగానే ఉండిపోతది. ఫ్రిజ్‌లో పెడితే రుచి పోతది. వంటింట్లో నీడపట్టున బుట్టలో పరిస్తే చాలు. 2023 జులైలో కిలో టమాట వంద దాటి చాలా చోట్ల నూటయాభై కూడా దాటింది, గుర్తుందా? అట్లాంటి రోజుల్లో వానకు ముందు తెంపిన పది కాయలంటే చిన్న లెక్క కాదు.

విత్తనం కూడా చూసుకోండి. గీతలు గీతలుగా ఉండే నాటు టమాట పులుపు బాగుంటది, పప్పుకు దాని తర్వాతనే ఏదైనా. కానీ తోలు పలుచన, జల్దీ పగులుతది. కోలగా, గట్టిగా ఉండే రకాలు తక్కువ పగులుతాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క రక్షక్ కాయ గట్టిగా ఉంటది, ఆకుముడత లాంటి మూడు తెగుళ్లను కూడా తట్టుకుంటది. మా అమ్మ మాత్రం నాటుదే కావాలంటది. అందుకే నాలుగు బ్యాగుల్లో నాటుది, రెండింట్లో అర్క రక్షక్ పెట్టినం.

పగిలిన కాయ తినొచ్చా అంటే, పగులు ఎండి మానిపోయి ఉంటే కోసి ఆ రోజే వండుకోండి. తడిగా కారుతుంటే, బూజు కనబడితే, పుల్లటి వాసన వస్తే పడేయండి. చెట్టు మీద కూడా ఉంచొద్దు, ఈగలు వాలి పక్క కాయలు కూడా పాడైతాయి.

ఈసారి అక్క వాళ్లింటికి రెండు బుట్టలు పోయినయ్, అన్నీ దోరగా తెంపినవే. మేనల్లుడికి ఇంకా పళ్లు రాలేదు గానీ టమాట చారు బువ్వ తింటున్నడు. కాయ అడుగున నల్లగా అయ్యి కుళ్లేది వేరే సమస్య, అది వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటా మరి.