వేటకు పేము బుట్ట

వీపు సంచీ కొనేవారు మన్నిక, సౌకర్యం, తేలిక మూడూ కావాలంటారు. మందపాటి గుడ్డ చిరగదు కానీ బరువు. పల్చనిది ముళ్లకు ఆగదు. అండమాన్ అడవుల్లో పందిని విల్లంబులతో వేటాడే జరావాలకు ఈ బేరం అక్కర్లేదు. వాళ్లది పేము బుట్ట. వాన నీరు సందుల్లోంచి కారిపోతుంది, పాడైతే కొత్తది అల్లుకోవడమే. మెత్తటి పట్టీలు మాత్రం ఉండవు, వీపు ఓర్చుకోవాల్సిందే.

అసలు చిక్కు బుట్టలో పడేదాంతోనే. సుమారు 1,028 చదరపు కిలోమీటర్ల జరావా రిజర్వులోకి బయటి వేటగాళ్లు అవే పందుల కోసం చొరబడుతున్నారు. రిజర్వు గుండా పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు భాగాన్ని మూసేయాలని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. ఆ తర్వాతా అక్కడ వాహనాలు తిరుగుతూనే వచ్చాయి.