మంచు కొండ మీది తుంగ ఏ నత్రజని తింటోంది?

మీనామృతం మీద చేసిన కిందటి వీడియోలో నేనొక మాట అన్నాను: "ఇందులోని అమైనో ఆమ్లాలను వేరు నేరుగా తాగేస్తుంది" అని. అది చూసి ఒక రైతు ఫోన్ చేశారు. "అయితే ఈసారి యూరియా మొత్తం ఆపేసి, వరికి ఇదొక్కటే పారిస్తే సరిపోతుందా అన్నా?" అని అడిగారు. వెంటనే సరే అనలేకపోయాను.

నేరుగా తాగే మొక్కలు ఉన్నమాట నిజమే. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో నివాట్ రిడ్జ్ అనే కొండ ఉంది. ఎత్తు దాదాపు 3,500 మీటర్లు. అక్కడ చెట్లు ఎదగవు. పెరిగే కాలం రెండు మూడు నెలలే. ఆ కొండ మీద కోబ్రేసియా అనే గడ్డి ఉంటుంది. మనం పొలంలో పీకి పారేసే తుంగకు ఇది చుట్టమే! వేరు శిలీంధ్రాల సాయం లేకుండానే ఇది గ్లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని తీసుకుంటుందని 1996లో పరిశోధకులు చూపించారు.

ఆ గ్లైసిన్ ఎక్కడిదంటారా? చలికాలమంతా మంచు కింద సూక్ష్మజీవులు రాలిన ఆకు తిని పెరుగుతాయి. మంచు కరగగానే వాటిలో చాలా భాగం చచ్చిపోతాయి. వాటి ఒంట్లోని మాంసకృత్తులు విరిగి అమైనో ఆమ్లాలవుతాయి. అది నైట్రేట్‌గా మారేదాకా ఆగితే ఆ మొక్కకు కాలం చాలదు. పైగా ఏ రూపం నత్రజని ఎంత తీసుకోవాలనేది పక్కన ఏ మొక్క ఉందో దాన్నిబట్టి కూడా మారుతుందట. అంతర పంటలు వేసే మనకు ఇది ఆసక్తిగా ఉంటుంది. కానీ అక్కడి లెక్క ఇక్కడ అలాగే పనిచేస్తుందని మాత్రం నేను చెప్పను.

ఎందుకంటే మన నేల వెచ్చన. వరి వేరుకూ అమైనో ఆమ్లాలు పీల్చే శక్తి ఉంది, కానీ కొన్ని గంటల్లోనే సూక్ష్మజీవులు వాటిని ఎగరేసుకుపోతాయి. నీళ్లు నిలిచిన మడిలో వరికి ఎక్కువగా అందేది అమ్మోనియమే. ఇక మోతాదు చూడండి. టన్ను ధాన్యానికి వరి 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. రెండు మూడు లీటర్ల మీనామృతంలో ఉండేది గ్రాముల్లోనే. ఆ కిలోలు పచ్చిరొట్ట, పశువుల ఎరువు, పప్పుజాతి పంటల నుంచి రావాల్సిందే.

ఆయనకు మళ్లీ ఫోన్ చేసి, ముందు జీలుగ చల్లి కలియదున్నమని, మీనామృతం ఒక్క మడిలోనే పోసి చూడమని చెప్పాను. ఆ వీడియో కింద నా మాట కూడా సవరించి పెట్టాను.