1947లో డాలర్ ఒక్క రూపాయేనా? అమ్మ గాజులు చెప్పిన లెక్క

మొన్న మా ఫ్యామిలీ గ్రూప్‌లో బాబాయ్ ఒక ఫార్వర్డ్ పెట్టారు. "స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఒక రూపాయి, ఒక డాలర్ సమానం, ఇప్పుడు చూడండి" అని. ఇది మీకూ ఓ నాలుగుసార్లు వచ్చే ఉంటుంది. నాకు ఈ డాలర్ లెక్క మీద కొంచెం పర్సనల్ కోపం ఉంది, ఎందుకో తర్వాత చెప్తాను. ముందు ఈ ఫార్వర్డ్ సంగతి తేల్చేద్దాం.

అది తప్పండి. అప్పట్లో మన రూపాయిని డాలర్‌కి కాదు, బ్రిటిష్ పౌండ్‌కి కట్టేశారు. రూపాయికి ఒక షిల్లింగ్ ఆరు పెన్నీలు అని 1927లోనే చట్టం చేశారు. పౌండ్ అంటే 240 పెన్నీలు, రూపాయి అంటే 18 పెన్నీలు. భాగిస్తే పౌండ్‌కి 13.33 రూపాయలు. అదే పౌండ్‌కి అమెరికాలో 4.03 డాలర్లు వచ్చేవి. ఇప్పుడు ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి 13.33ని 4.03తో భాగించండి. 3.31 వస్తుంది. అంటే 1947లో డాలర్ దాదాపు 3 రూపాయల 30 పైసలు. బాబాయ్‌కి ఈ లెక్క పంపించాను, బ్లూ టిక్ పడింది, రిప్లై లేదు.

1949 సెప్టెంబర్‌లో బ్రిటన్ తన పౌండ్ విలువ తగ్గించుకుంది. మన రూపాయీ వెంటే దిగింది, డాలర్ 4.76 అయింది. ఆ తర్వాత దాదాపు 17 ఏళ్ళు అదే రేటు. ఇప్పటిలా రోజూ పొద్దున్నే మారేది కాదు, ప్రభుత్వం చెప్పిందే రేటు. 1965లో యుద్ధం, వరుసగా కరువులు, విదేశీ సాయం ఆగింది. 1966 జూన్ 6న ఇందిరా గాంధీ ప్రభుత్వం డాలర్‌ని ఒక్కసారిగా 7.50 చేసింది. రాత్రికి రాత్రి ప్రతి డాలర్‌కీ 57 శాతం ఎక్కువ కట్టాలి!

ఇక మనకి బాగా దగ్గరి కథ 1991ది. దేశం దగ్గర ఉన్న విదేశీ డబ్బు కొన్ని వారాల దిగుమతులకి మాత్రమే సరిపోతుంది. అప్పుడే పీవీ నరసింహారావు గారు ప్రధాని అయ్యారు. అప్పటికి ఆయన ఎంపీ కూడా కాదు, నంద్యాల నుంచి గెలిచింది ఆ ఏడాది చివర్లో. జూలై 1న ఒకసారి, జూలై 3న ఇంకోసారి, రెండు మెట్లలో రూపాయిని దింపారు. దాదాపు 21 ఉన్న డాలర్ 26 దగ్గరికి వెళ్ళింది. రెండో మెట్టు దగ్గర పీవీ గారు వెనకాడారట, ఆపమని ఫోన్ వెళ్ళేసరికి రిజర్వ్ బ్యాంక్ అప్పటికే రేటు ప్రకటించేసిందట. అదే నెలలో 47 టన్నుల బంగారం విదేశాలకి పంపి, తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్నాం. 1993 నుంచి రేటుని మార్కెట్‌కి వదిలేశారు. అప్పుడు 31 రూపాయలున్న డాలర్, 2022 అక్టోబర్‌లో 83 దాటింది.

దేశం బంగారం తాకట్టు పెట్టింది అని చదివినప్పుడల్లా నాకు మా ఇల్లే గుర్తొస్తుంది. మాది భవానీపురం. 2022 మొదట్లో మా చెల్లికి అమెరికాలో ఎంఎస్ సీటొచ్చింది. మొత్తం ఫీజు 36,000 డాలర్లు. అప్పుడు డాలర్ 75. కన్సల్టెన్సీ వాళ్ళు పేపర్ మీద 27 లక్షలు అని రాసిచ్చారు, లోన్ కూడా అంతకే తీసుకున్నాం. తప్పెక్కడ జరిగిందో గమనించారా? ఆ 36,000 ఒకేసారి కట్టం. మూడు సెమిస్టర్లకి మూడుసార్లు, 12,000 చొప్పున.

ఆగస్టులో కట్టేటప్పుడు డాలర్ 80. 9 లక్షల 60 వేలు. 2023 జనవరిలో 82, 9 లక్షల 84 వేలు. ఆ ఆగస్టుకి 83, 9 లక్షల 96 వేలు. కూడితే 29 లక్షల 40 వేలు. ఫీజు ఒక్క డాలర్ పెరగలేదు, మాకు మాత్రం 2 లక్షల 40 వేలు తగ్గింది. అమ్మ ఏం మాట్లాడకుండా గాజులు తీసి గోల్డ్ లోన్‌లో పెట్టింది. చెల్లికి ఆ సంగతి ఇప్పటికీ తెలీదు. సారీ రా, ఈ వీడియోలో తెలిసిపోయింది.

ఇంకోటి. గూగుల్‌లో కనిపించే రేటుకి మీకు డాలర్లు రావు. అది పెద్ద బ్యాంకులు వాళ్ళలో వాళ్ళు కొనుక్కునే రేటు. మనం బయటికి పంపేటప్పుడు పడేది టీటీ సెల్లింగ్ రేటు. దానికి కాస్త ఎక్కువుంటుంది, పైన జీఎస్టీ, ఛార్జీలు. డాలర్‌కి ఒక్క రూపాయి తేడా ఉన్నా 12,000 డాలర్లకి 12,000 రూపాయలు. అందుకే రెండు మూడు చోట్ల ఆ రోజు టీటీ సెల్లింగ్ ఎంత అని అడగండి. లోన్‌కి అప్లై చేసేటప్పుడే ఇవాళ్టి రేటు మీద ఓ పది శాతం కలిపి లెక్క వేయండి. మేం అలా వేసుంటే 29 లక్షల 70 వేలు వచ్చేది, సరిపోయేది.

రూపాయి పడితే అందరూ ఏడుస్తారనుకోకండి. కైకలూరు వైపు చెరువుల్లో పెంచే రొయ్యలు అమెరికాకి వెళ్తాయి, డాలర్ పెరిగితే ఎగుమతిదారుడికి ఎక్కువ రూపాయలొస్తాయి. అందులో రైతు దాకా ఎంత వస్తుందనేది వేరే గొడవ, దానికి ఇంకో ఎపిసోడ్ కావాలి.

చెల్లికి ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు తను పంపే ప్రతి డాలర్‌కీ 2022 నాటికన్నా ఎక్కువ రూపాయలు పడుతున్నాయి, లోన్ కొంచెం త్వరగానే తగ్గుతోంది. మమ్మల్ని ముంచిన రేటే ఇప్పుడు లాగుతోంది. గాజులు పోయిన నెల విడిపించాం. అమ్మ వాటిని వేసుకోవట్లేదు, బీరువాలోనే పెట్టింది. అడిగితే, "ఇంకా నీ పీజీ ఉందిగా" అంది.